గడియ తప్పని ఎద సూది: ఆవు, గేదె, గుర్రాల సంతానోత్పత్తిలో కొత్త పద్ధతులకు సమగ్ర మార్గదర్శి

ఒంగోలు ఆవు తరచుగా రాత్రిపూటో తెల్లవారుజామునో ఎదకు వస్తుంది. రైతు పాలు పితకడానికి లేచేసరికి ఎదలో సగం గడిచిపోయి ఉంటుంది. ఆయన ఎద సూది, అంటే కృత్రిమ గర్భధారణ సూది, వేసే గోపాలమిత్రకు ఫోను చేసి, అతడు నాలుగు ఊళ్లు తిరిగి ఆ గుమ్మం ముందు బండి ఆపేసరికి అండం విడుదలైపోయినా ఆశ్చర్యం లేదు. ఆ సూది నిలవకపోతే వీర్యం మంచిది కాదని ఒకరంటారు, ఆవు గొడ్డుమోతని ఇంకొకరంటారు. నా అనుభవంలో మాత్రం ఎక్కువసార్లు తప్పింది గడియే. హార్మోన్ల పద్ధతులు, లింగ నిర్ధారిత వీర్యం, ప్రయోగశాల పిండాలు, అల్ట్రాసౌండ్ ఇవన్నీ ఆ గడియను మన చేతిలోకి తెచ్చుకునే సాధనాలే. గడియ లెక్క రానివారి చేతిలో అవి ఖరీదైన ఆటవస్తువులుగానే మిగులుతాయి.

ఈ వ్యాసంలో చెప్పిన మందులు పశువైద్యులు మాత్రమే వాడవలసినవి. పశుపోషకులు మాత్రం ఏ రోజు ఏది జరగాలో, వైద్యుణ్ణి ఏమి అడగాలో తెలుసుకోవడానికి దీన్ని పూర్తిగా చదవవచ్చు.

ముందు పశువును చూడాలి, తరువాతే మందు

ఈని కనీసం 50 నుంచి 60 రోజులు గడిచిన ఆవునో గేదెనో ఎంచుకోవాలి. పక్కటెముకలు దూరానికే లెక్కపెట్టగలిగేటంత చిక్కిన పశువుకు ఏ హార్మోను ఇచ్చినా ఫలితం దక్కదు. అయిదు మెట్ల దేహస్థితి కొలతలో 2.5కు తగ్గిన పశువుకు ముందు రెండు నెలలు దాణా, పచ్చిమేత, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇచ్చి, నట్టల మందు తాగించి, ఆ తరువాతే సూదుల సంగతి ఆలోచించాలి. మాయ పడక ఇబ్బంది పడిన పశువుల గర్భకోశాన్ని తప్పనిసరిగా పరీక్షించాలి. ఎదలో వేలాడే జిగురు స్రావం, అంటే తీగ, కోడిగుడ్డు తెల్లసొనలా స్వచ్ఛంగా ఉండాలి. అందులో చీము తునకలు కనిపిస్తే ఆ ఎదలో వీర్యం వేయకుండా చికిత్స మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ పశువు ఇప్పటికే చూడితో లేదని చేతితోనో అల్ట్రాసౌండ్‌తోనో నిర్ధారించుకోవడం. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో, "ఏడాదిగా ఎదకే రాలేదండీ, దున్నపోతు మొహం కూడా చూడలేదు" అన్న రైతు మాట నమ్మి, చెయ్యి పెట్టి చూడకుండా ఒక గేదెకు ప్రోస్టాగ్లాండిన్ (ఎద తెప్పించే హార్మోను, చూడి పశువుకు ఇస్తే గర్భం పోతుంది) ఇచ్చాను. మూడో రోజున అది పిల్లి పిల్లంత పిండాన్ని ఈసుకుపోయింది. మేతకు వదిలిన చోట ఏ దున్నపోతు కలిసిందో ఆయనకూ తెలియదు. రైతు అబద్ధం చెప్పలేదు, నేనే నా పని చేయలేదు. అప్పటినుంచి చేతి తొడుగు వేయకుండా ఆ మందు సీసా మూత తీయలేదు.

ఎదను చదవడం

ఎద చక్రం సగటున 21 రోజులు. 18 నుంచి 24 రోజుల వరకు ఏదైనా సహజమే. మరో పశువు మీదికి ఎక్కినప్పుడు కదలకుండా నిలబడడమే ఆవు ఎదకు తిరుగులేని గుర్తు. సంకరజాతి ఆవుల్లో ఆ నిలుపు 12 నుంచి 18 గంటలు ఉండవచ్చు గాని, మన దేశవాళీ ఆవుల్లో అంతకంటే తక్కువ. ఎద మొదలైన సుమారు 24 నుంచి 30 గంటలకు అండం విడుదలవుతుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయాలన్న పాత సూత్రం ఈ లెక్క మీదే నిలిచింది.

గేదె సంగతి వేరు. దాని ఎద మూగది. మరో గేదె మీదికి ఎక్కడం అరుదు, తీగ వేలాడడం కూడా తక్కువే. పడుకున్నప్పుడు మానం (యోని ద్వారం) కింద నేల మీద చిన్న తడి మచ్చగా మాత్రం తీగ కనిపిస్తుంది. మాటిమాటికి కొద్దికొద్దిగా మూత్రం పోయడం, పాలు చేపకపోవడం, మానం ముడతలు సాగి నునుపెక్కడం, అకారణంగా అరవడం, ఈ నాలుగింటిలో రెండు కలిసి కనిపిస్తే అనుమానించాలి. వేసవిలో ఈ గుర్తులు మరీ మసకబారతాయి కనుక, ఏప్రిల్ నుంచి జూన్ వరకు తెల్లవారుజామున నాలుగున్నరకు, రాత్రి పదింటికి లాంతరు పట్టుకుని పాకలోకి వెళ్లేవారికే అవి దొరుకుతాయి. గేదెలకు నీళ్లు చల్లడం, చెరువులో పడుకోబెట్టడం ఎద కనిపించడానికి చేసే చికిత్సలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

నిర్ణీత సమయపు గర్భధారణ

ఎదను పట్టుకోలేనప్పుడు దాన్ని మనమే తెప్పించుకునే పద్ధతిని అమెరికాలోని విస్కాన్సిన్‌లో పర్స్‌లీ, వైల్ట్‌బ్యాంక్ బృందం 1995లో ప్రకటించింది. దానిపేరు ఓవ్‌సింక్. ఎద కనిపించిందా లేదా అని చూడకుండానే, ముందే నిర్ణయించిన గంటకు సూది వేయడం దీని ప్రత్యేకత.

వారాల పేర్లతో గుర్తుపెట్టుకుంటే ఇది సులువు. మొదటి సోమవారం ఉదయం 8 గంటలకు అండం విడుదల చేయించే హార్మోను జీఎన్‌ఆర్‌హెచ్, అంటే బ్యూసెరిలిన్ 10 మైక్రోగ్రాములు కండరానికి ఇవ్వాలి. అండాశయంలో అప్పటికి పెరిగి ఉన్న పెద్ద పుటిక (అండం ఉండే నీటి బుడగ) ఉంటే అది చిట్లి, దాని స్థానంలో, ఎదను ఆపి చూడిని నిలిపే ప్రోజెస్టెరాన్ హార్మోనును ఇచ్చే కార్పస్ లూటియం ఏర్పడుతుంది, వెనుక కొత్త పుటికల అల లేస్తుంది. రెండో సోమవారం ఉదయం 8 గంటలకు క్లోప్రోస్టినాల్ అనే ప్రోస్టాగ్లాండిన్ 500 మైక్రోగ్రాములు ఇవ్వాలి, అది ఆ కార్పస్ లూటియాన్ని కరిగిస్తుంది. బుధవారం సాయంత్రం 4 గంటలకు, అంటే 56 గంటల తరువాత, రెండోసారి బ్యూసెరిలిన్ ఇవ్వాలి. గురువారం ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 లోపు వీర్యం వేయాలి. రెండో బ్యూసెరిలిన్‌కూ వీర్యం వేయడానికీ మధ్య 16 నుంచి 20 గంటల ఎడం ఉండాలన్నదే ఇందులో కీలకం. దాన్ని బద్ధకంతోనో, కరెంటు లేదనో, పెళ్లి ఉందనో జరిపితే ముందు చేసిందంతా వృథా.

ఏడు రోజుల ఎడం ఎందుకన్నది తెలుసుకోవడం మంచిది. కొత్తగా ఏర్పడిన కార్పస్ లూటియం మొదటి అయిదు రోజులు ప్రోస్టాగ్లాండిన్ మాట వినదు. పశువు చక్రంలో 5 నుంచి 9 రోజుల మధ్య మొదటి సూది పడితే పద్ధతి చక్కగా కుదురుతుంది. ఎద రోజు తెలియని పశువుల మందకు, 14 రోజుల ఎడంతో రెండు ప్రోస్టాగ్లాండిన్ సూదులు ఇచ్చి, ఇంకో 12 రోజులు ఆగి ఓవ్‌సింక్ మొదలుపెడితే ఎక్కువ పశువులు ఆ దశలోకి వస్తాయి. నెల రోజుల ఓపిక కావాలి గాని, పెద్ద డెయిరీలకు ఇది లాభం.

అండాశయాలు నిద్రపోతున్న పశువులకు, అంటే చేతికి కార్పస్ లూటియమే తగలని గేదెలకు, ఒట్టి ఓవ్‌సింక్ చాలదు. వాటికి మొదటి రోజు బ్యూసెరిలిన్‌తో పాటు యోనిలో ప్రోజెస్టెరాన్ సాధనం పెట్టి, ఏడో రోజు దాన్ని తీసేస్తూ ప్రోస్టాగ్లాండిన్, దానితోపాటు 400 నుంచి 500 యూనిట్ల ఈసీజీ (చూలు గుర్రం రక్తం నుంచి తీసే, పుటికలను పెంచే హార్మోను) ఇవ్వాలి. తరువాతి సూది, వీర్యం గడియలు పై లెక్క ప్రకారమే. సాధనం పెట్టేముందు మానాన్ని క్రిమినాశక ద్రావణంతో కడగకపోతే, తీసే రోజున చీము వాసన వస్తుంది. ఆ వాసన చూసి రైతు భయపడిపోవడం, ఆ పశువును మళ్లీ మన దగ్గరకు తీసుకురాకపోవడం నేను చూశాను.

మరో హెచ్చరిక. ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా లోపలికి ఇంకుతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఆ మందును ముట్టనే కూడదు, మిగిలినవారు తొడుగు లేకుండా ముట్టకూడదు.

కుండలోంచి గర్భకోశం దాకా

ఘనీభవన వీర్యం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దశాబ్దాలు నిలుస్తుంది. గ్లిసరాల్ కలిపితే శుక్రకణాలు గడ్డకట్టినా బతుకుతాయని పోల్జ్, స్మిత్, పార్క్స్ 1949లో కనుగొన్న నాటినుంచి ఈ వృత్తి రూపమే మారిపోయింది. మన దగ్గర వాడే 0.25 మిల్లీలీటర్ల స్ట్రాలో, అంటే సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో, సుమారు 2 కోట్ల శుక్రకణాలు ఉంటాయి. అన్నీ బతకవు, బతకాలనీ లేదు, సగమైనా చురుగ్గా ముందుకు ఈదితే చాలు.

నష్టం ఎక్కువగా జరిగేది ఆ నత్రజని కుండ మూతి దగ్గర. ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడొకడు ఆబోతు నంబరు చదవడానికి స్ట్రాలు ఉంచే గోబ్లెట్‌ను కుండ మూతికి పైకి ఎత్తి, వెలుతురుకు తిప్పి, పెదవులు కదిలిస్తూ ఒక్కో అంకె చదివాడు. అతడి వేళ్ల మధ్య స్ట్రాల మీద తెల్లటి మంచు పొడి పట్టింది. ఆ పొడి పట్టిన క్షణంలోనే లోపల మంచు స్ఫటికాలు మళ్లీ పెరుగుతాయి, శుక్రకణాల పొరలు చిరుగుతాయి. స్ట్రాలు చూడడానికి అచ్చం మునుపటిలాగే ఉంటాయి కనుక తప్పెక్కడ జరిగిందో తరువాత ఎవరికీ తెలియదు. అందుకే గోబ్లెట్‌ను కుండ మెడలోని మంచు గీత కిందనే ఉంచి, పట్టకారుతో ఒక్క స్ట్రాను మాత్రమే తీయాలి, 8 సెకన్లలో పని కాకపోతే గోబ్లెట్‌ను వెంటనే లోపలికి దించి మళ్లీ ప్రయత్నించాలి. కుండలో నత్రజని ఎంత ఉందో వారానికోసారి చెక్క స్కేలుతో కొలవాలి, దాని మీద తెల్లబడిన ఎత్తే నత్రజని మట్టం.

స్ట్రాను 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచాలి. "గోరువెచ్చని నీళ్లు" అన్న మాటను నేను శిక్షణలో నిషేధించాను, ఎందుకంటే ఒకరి గోరువెచ్చన ఇంకొకరి కాక. థర్మామీటరు ఫ్లాస్కులో ఎప్పుడూ ఉండాలి. తీసిన స్ట్రాను తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి, ఒక్క నీటిబొట్టు లోపలికి పోయినా శుక్రకణాలకు విషమే. గాలి బుడగ ఉన్న చివరను నిటారుగా కత్తిరించి, ముందే అరచేతుల మధ్య రుద్ది వెచ్చబరచిన, వీర్యం వేసే గన్‌లో పెట్టాలి. చలికాలం తెల్లవారుజామున ఇనుప గన్ చేతికి జివ్వుమంటే, లోపలి వీర్యానికీ అలాగే ఉంటుంది.

ఎడమ చేతిని మలద్వారంలోంచి పంపి గర్భాశయ కంఠాన్ని పట్టుకోవాలి. గన్‌ను దాని మూడు నాలుగు ముడుల గుండా తోయకూడదు, ముడులనే గన్ మీదికి తొడగాలి. చివరి ముడి దాటి కొన చూపుడువేలికి తగలగానే ఆగి, మెల్లగా అయిదు లెక్కపెడుతూ వీర్యం వదలాలి. లోతుకు పోతే ఫలితం పెరుగుతుందన్న నమ్మకంతో కొమ్ములోకి నెట్టేవారు గర్భకోశ గోడను గీరుతారు. సూది వేసిన 18 నుంచి 24వ రోజు వరకు పశువు తిరిగి పొర్లుతుందేమో, అంటే మళ్లీ ఎదకు వస్తుందేమో, చూడాలి, 30వ రోజున అల్ట్రాసౌండ్, 60వ రోజున మరోసారి పరీక్ష చేయాలి. మొదటి పరీక్షలో ఖాళీ అని తేలిన పశువుకు అదే రోజున మళ్లీ పద్ధతి మొదలుపెడితే మూడు వారాల పాడి మిగులుతుంది.

పెయ్య దూడలే కావాలంటే

పెయ్య దూడకు కారణమయ్యే ఎక్స్ శుక్రకణంలో డీఎన్‌ఏ కోడె దూడకు కారణమయ్యే వై కణం కంటే సుమారు 4 శాతం ఎక్కువ. హెక్స్ట్ 33342 అనే రంగు పట్టించి, లేజర్ కింద ఒక్కొక్క కణాన్ని వేరుచేసే యంత్రాలు ఆ తేడాను పట్టుకుంటాయి. ఫలితంగా 90 శాతం వరకు పెయ్యలే పుడతాయి. దేశీయంగా రూపొందించిన గౌసార్ట్ సాంకేతికతను 2024 అక్టోబరులో ఆవిష్కరించిన తరువాత, ఈ వీర్యం చిన్న రైతులకూ అందుబాటు ధరకు వస్తోంది.

ఈ స్ట్రాలో శుక్రకణాలు సుమారు 20 లక్షలే, సాధారణ స్ట్రాలో ఉన్నవాటిలో పదో వంతు. పైగా రంగు, లేజరు, ఒత్తిడి తిన్న కణాలు గనుక అవి తక్కువసేపు బతుకుతాయి. అందువల్ల వీటిని సాధారణ వీర్యం కంటే ఆలస్యంగా, ఎద మొదలైన 16 నుంచి 24 గంటల మధ్య వేయాలి. స్ట్రా కరిగించిన తరువాత ఫోను ఎత్తకూడదు. మొదటిసారి ఎదకు వచ్చి బరువు, ఎత్తు సరిపడా ఉన్న పెయ్యలకు, ఒకటి రెండు ఈతల ఆరోగ్యవంతమైన ఆవులకు ఇవి బాగా పనిచేస్తాయి. ఇప్పటికే మూడుసార్లు తిరగపొర్లిన ఆవుకు ఖరీదైన స్ట్రా వేసి ఏదో అద్భుతం జరుగుతుందని ఎదురుచూడడం రైతును మోసం చేయడమే. సూది నిలిచే అవకాశం సాధారణ వీర్యంతో పోలిస్తే తక్కువని ముందే చెప్పాలి.

ఒంగోలు నుంచి బ్రెజిల్‌కు, ప్రయోగశాల నుంచి పాకకు

ప్రకాశం జిల్లా కరవది గ్రామం పేరు బ్రెజిల్ పశుపోషకులకు ఇప్పటికీ తెలుసు. 1960ల ఆరంభంలో అక్కడికి వెళ్లిన ఒంగోలు ఆబోతుల్లో ఒకదానికి ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. అక్కడి ఒంగోలు సంతతిని నెలోర్ అంటారు. ఆ జాతికి చెందిన వియాటినా 19 అనే ఆవు 1,101 కిలోలు తూగింది, 2023లో దానిలో మూడో వంతు వాటా అమ్ముడైన ధర లెక్కన దాని మొత్తం విలువ 43 లక్షల డాలర్లు దాటింది. ఈ జాతి మీద బ్రెజిల్ సాధించిన ప్రగతికి మూలం రెండు పద్ధతులు, నిర్ణీత సమయపు గర్భధారణ, ప్రయోగశాల పిండాల ఉత్పత్తి. ఆశ్చర్యమేమంటే రెండోదానికి ఒంగోలు రక్తమే పెద్ద వరం. మూపురం ఉన్న జాతుల అండాశయంలో చిన్న పుటికలు ఎక్కువ కనుక, ఒక్క విడతలో సేకరించే అండాలూ ఎక్కువే, వాటికి ముందుగా హార్మోన్లు ఇవ్వవలసిన అవసరం కూడా సాధారణంగా ఉండదు.

పద్ధతి ఇలా సాగుతుంది. దాత ఆవుకు వెన్ను చివర 2 శాతం లిగ్నోకెయిన్ 5 మిల్లీలీటర్లు ఇచ్చి, యోని గుండా అల్ట్రాసౌండ్ ప్రోబును పంపి, అండాశయాన్ని చేత్తో ప్రోబు దగ్గరకు తెచ్చి, 2 నుంచి 8 మిల్లీమీటర్ల పుటికలను సూదితో పీల్చుకోవాలి. దొరికిన అండాలను 38.5 డిగ్రీల వద్ద, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటరులో 22 నుంచి 24 గంటలు పరిపక్వం చేసి, 18 నుంచి 20 గంటలు వీర్యంతో కలిపి ఉంచి, ఏడో రోజు దాకా పెంచాలి. ఆ రోజుకు బ్లాస్టోసిస్ట్ (గర్భకోశంలో పెట్టదగ్గ పిండం) దశకు చేరినవాటిని, సరిగ్గా ఏడు రోజుల క్రితం ఎదకు వచ్చిన ఆవు గర్భకోశంలో, కార్పస్ లూటియం ఏ వైపు ఉందో ఆ వైపు కొమ్ములో వదలాలి. ఒక రోజు అటూ ఇటూ అయితే సరే, రెండు రోజులైతే పిండం ఒక వయసులో, గర్భకోశం ఇంకో వయసులో ఉంటాయి. ఇక్కడా గడియే.

గేదెలో ఎక్కువ అండాలు విడుదలయ్యేలా హార్మోన్లిచ్చి గర్భకోశం కడిగి పిండాలు తీసే పాత పద్ధతి ఏనాడూ సరిగా ఫలించలేదు, ఒకటి రెండు మంచి పిండాలు దొరికితే గొప్ప. అందుకే గేదెకు అండ సేకరణే దారి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 1990లోనే ప్రయోగశాల ఫలదీకరణతో గేదె దూడ పుట్టింది. పుంగనూరు ఆవుల కోసం శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం చేపట్టిన మిషన్ పుంగనూరు కూడా ఇదే పద్ధతి మీద ఆధారపడింది. అంత పొట్టి ఆవులో చెయ్యి పెట్టడమే కష్టం కనుక, సన్నటి చెయ్యి ఉన్నవారిని ఆ పనికి పెట్టుకోవాలి. ఇది హాస్యానికి అనడం లేదు.

ఆడగుర్రం లెక్క వేరు

ఆవు వైద్యుడు గుర్రం దగ్గర చేసే మొదటి తప్పు, ఎద మొదలైన గంటను బట్టి లెక్కవేయడం. ఆడగుర్రం ఎద 5 నుంచి 7 రోజులు ఉంటుంది, అండం విడుదలయ్యేది ఎద ముగియడానికి 24 నుంచి 48 గంటల ముందు. అంటే ఇక్కడ లెక్క మొదటి నుంచి కాదు, చివరి నుంచి. చివర ఎప్పుడో చెప్పగలిగేది అల్ట్రాసౌండ్ ఒక్కటే.

మగగుర్రాన్ని చూపించి ఎద నిర్ధారించుకున్నాక, రోజు విడిచి రోజు అండాశయాన్ని చూడాలి. పుటిక 35 మిల్లీమీటర్లు దాటి, గర్భకోశ గోడ నీరు పట్టి కోసిన బత్తాయి తొనల్లా కనిపించినప్పుడు హెచ్‌సీజీ 1,500 నుంచి 2,500 యూనిట్లు లేదా డెస్లోరెలిన్ ఇస్తే, దాదాపు 36 నుంచి 42 గంటలకు అండం విడుదలవుతుంది. తాజా వీర్యమైతే 50 కోట్ల చురుకైన శుక్రకణాలతో 48 గంటలకొకసారి వేయవచ్చు. 5 డిగ్రీల వద్ద తెచ్చిన చల్లని వీర్యమైతే అండం విడుదలకు ముందు 24 గంటల్లోపు వేయాలి. ఘనీభవన వీర్యమైతే ఆరు గంటలకొకసారి, రాత్రి కూడా, పరీక్షించి, అండం విడుదలైన ఆరు గంటల్లోపు వేయాలి. ఆ రెండు రాత్రుల నిద్ర పోగొట్టుకోలేనివారు ఘనీభవన వీర్యానికి డబ్బు ఖర్చుపెట్టకపోవడమే మేలు. వీర్యం వేసిన 4 నుంచి 6 గంటల తరువాత గర్భకోశంలో నీరు నిలిచి ఉంటే లాక్టేటెడ్ రింగర్‌తో కడిగి, ఆక్సిటోసిన్ 20 యూనిట్లు ఇవ్వాలి.

హైదరాబాదు మలక్‌పేట పందేలను చూసి ఈ రంగంలోకి రావాలనుకునేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పందెపు థారోబ్రెడ్‌కు కృత్రిమ గర్భధారణ గాని పిండ మార్పిడి గాని చేస్తే పుట్టిన పిల్ల వంశావళి పుస్తకంలో నమోదు కాదు, సహజ సంపర్కమే నియమం. ఈ పద్ధతులు మార్వాడీ, కాఠియావాడీ వంటి జాతులకు పనికివస్తాయి. బికనీర్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి చెందిన శాస్త్రవేత్తల కృషితో పిండ మార్పిడి ద్వారా పుట్టిన మార్వాడీ పిల్ల రాజ్‌ప్రథమ్ 2023 మే 19న కళ్లు తెరిచింది. పుట్టినప్పుడు దాని బరువు 23 కిలోలు.

గుర్రంలో పిండాన్ని తీయడం అండం విడుదలైన ఏడు ఎనిమిది రోజులకు. మూడు విడతలుగా ఒక్కో లీటరు ద్రావణం పంపి, జల్లెడ కప్పు గుండా వడగట్టాలి. ఇందులో ఒక వింత ఉంది, ఫలదీకరణ కాని అండం నాళంలోనే ఉండిపోతుంది, బతికున్న పిండం మాత్రమే రసాయన సంకేతం పంపి దారి తెరిపించుకుని గర్భకోశంలోకి వస్తుంది. కనుక ఆవులోలా ఖాళీ గుడ్లు వడపోతలో కనిపిస్తాయని ఎదురుచూడకూడదు. అద్దె గర్భాన్నిచ్చే గుర్రం దాత కంటే ఒక రోజు ముందు నుంచి మూడు రోజుల తరువాత లోపు అండం విడుదల చేసినదై ఉండాలి.

ఆవుల్లో మామూలుగా వాడే ప్రయోగశాల ఫలదీకరణ ఆడగుర్రాల్లో 2022 దాకా సరిగా పనిచేయలేదు. వీర్యాన్ని ప్రత్యేక ద్రావణంలో 22 గంటలు ముందుగా నానబెట్టి, పెన్సిల్వేనియాలో హిన్రిక్స్ బృందం ఆ సంవత్సరంలో దాన్ని సాధించింది. అంతవరకు ఒక్కొక్క శుక్రకణాన్ని సూదితో అండంలోకి గుచ్చడమే ఏకైక నమ్మకమైన దారి.

14 లేదా 15వ రోజున మొదటి చూలు పరీక్ష చేయాలి. ఆడగుర్రం కవలలను మోయలేదు కనుక, రెండు పిండాలు కనిపిస్తే వాటిలో ఒకదాన్ని 16వ రోజుకు ముందే, అవి ఇంకా గర్భకోశంలో కదులుతుండగానే, విడదీసి చేతితో నలిపేయాలి. ఆ తరువాత అవి ఒకేచోట అతుక్కుంటే రెండూ పోయే ప్రమాదం ఉంది. 35 నుంచి 40 రోజుల మధ్య గర్భకోశ గోడలో ఎండోమెట్రియల్ కప్పులు అనే కణాల గుంపులు ఏర్పడి ఈసీజీ విడుదల మొదలవుతుంది. ఆ తరువాత చూలు పోయినా ఆడగుర్రం చాలా నెలలు మామూలుగా ఎదకు రాదు. అందుకే చివరి నిర్ణయాత్మక పరీక్షను 30వ రోజు దాటకుండా పెట్టుకోవాలి, పిండం గుండె కొట్టుకోవడం తెర మీద స్పష్టంగా కనిపించిన తరువాతే యజమానికి ఫోను చేయాలి.